చివరిసారి బాగున్నది ఎప్పుడు?

“చివరిసారి ఆవిడ మామూలుగా ఉండగా ఎవరు చూశారు? ఎన్నింటికి?”

2013లో ఒక ఆదివారం, పొద్దున్న పదకొండున్నరకి, గుంటూరులో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీ గదిలో డ్యూటీ డాక్టరు మా మావయ్యని అడిగిన మొదటి ప్రశ్న ఇది. పేరు, వయసు, బీపీ, షుగరు అన్నీ ఆ తర్వాతే. మావయ్య నీళ్ళు నమిలాడు. ఐదున్నరకి పాలవాడు పిలిచినా అమ్మమ్మ పలక్కపోతే అత్తయ్య లోపలికెళ్ళి చూసింది. అప్పటికే మంచం మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుని ఉంది. మూతి వంకర పోయింది. కుడి చెయ్యి లేవట్లేదు. ఏదో చెప్పాలని చూస్తోంది, మాట రావట్లేదు.

తర్వాత ఆరుగంటలు ఎలా గడిచాయో నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. గాలి సోకిందని ఒకరన్నారు. నువ్వులనూనె కాచి చెయ్యీ కాలూ మర్దనా చేశారు. పావురం రక్తం రాస్తే నరం లేస్తుందని ఎదురింటి పెద్దాయన చెబితే ఎవరో పావురం కోసం సైకిలేసుకుని వెళ్ళారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ వచ్చి, బీపీ చూసి, సెలైన్ పెట్టి, “మధ్యాహ్నం దాకా చూద్దాం” అన్నాడు. కారు దొరికేసరికి పదైంది. ఆ ఇంట్లో ఆ పొద్దున్న ఎవరూ చేతులు కట్టుకుని కూర్చోలేదు. ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి చేస్తూనే ఉన్నారు.

డాక్టరు అడిగినదానికి జవాబు కోసం మావయ్య హైదరాబాదులో ఉన్న నాకు ఫోన్ చేశాడు. “రాత్రి నీతో మాట్లాడింది కదరా, ఎన్నింటికి?” ఫోన్లో చూశాను. 8:52. ఆరు నిమిషాలు మాట్లాడాం. ‘రేపు ఆదివారమేగా, కాసేపు ఎక్కువసేపు పడుకో’ అంది. నాతో మాట్లాడాక నిద్రపోయింది. ఆ తర్వాత ఆవిడ మాట ఎవరూ వినలేదు.

డాక్టరు అక్కణ్ణుంచే లెక్క కట్టాడు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున్న పదకొండున్నర దాకా, పద్నాలుగున్నర గంటలు. “గడ్డ కరిగించే ఇంజక్షన్‌కి నాలుగున్నర గంటలే టైమండీ. దాటిపోయింది” అన్నాడు. ఆ మాట స్పీకర్ ఫోన్లో విన్నాను. ఐదున్నర నుంచి లెక్కేసినా అప్పటికే ఆరు గంటలు.

దేనికి టైము? నాలుగున్నర గంటలే ఎందుకు? ఆ గీత ఎవరు గీశారు? డిశ్చార్జి కాగితంలో ‘మెదడుకి బలం’ అని రాసిచ్చిన సిటికోలిన్ మాత్రలకి టైముతో పని లేదా? చాలా ఏళ్ళ తర్వాత కూర్చుని ఈ ప్రశ్నలకి జవాబులు వెతుక్కున్నాను. ఈ వ్యాసం అందులోంచి వచ్చింది.

*

మన భాషలో ఈ జబ్బుకున్న మాటల్లో కాలానికి చోటు లేదు. పక్షవాతం అంటే శరీరంలో ఒక పక్కని పట్టిన వాతం. వాడుకలో ‘చెయ్యీ కాలూ పడిపోయాయి’ అంటాం. ఎప్పుడు విన్నా అది భూతకాలమే, జరిగిపోయిన పనే. ‘పడిపోతున్నాయి’ అని ఎవరూ అనరు. ఇంగ్లీషులో స్ట్రోక్ అన్నా దెబ్బ అనే అర్థం. దేవుడు కొట్టిన దెబ్బ అనుకునేవారు. గ్రీకు వాళ్ళు వాడిన అపోప్లెక్సీ అన్న మాటకీ కొట్టి పడెయ్యడమనే అర్థం. దెబ్బ తగలడం క్షణంలో పని. తగిలాక ఇంక చేసేదేముంది?

1658లో స్విట్జర్లాండ్‌లోని షాఫ్‌హౌజన్‌లో యోహాన్ యాకొబ్ వెప్ఫర్ అనే వైద్యుడు అపోప్లెక్సీతో చనిపోయినవాళ్ళ మెదళ్ళు కోసి చూసి ఒక పుస్తకం రాశాడు. కొందరి మెదడులో నెత్తురు చిమ్మి ఉంది. నెత్తురు అందకపోయినా ఇదే జరగొచ్చని కూడా ఊహించాడు. దేవుడి దెబ్బ స్థానంలో రక్తనాళం వచ్చి కూర్చుంది. కానీ శవంలో చూసేది ఎప్పుడూ అయిపోయిన సంగతే. దెబ్బకీ, ఆ అయిపోవడానికీ మధ్య ఏం జరుగుతుందో శవం చెప్పదు. ఆ మధ్యకాలం ఒకటుందని తేలడానికి ఇంకో మూడొందల ఏళ్ళు పట్టింది.

*

1970ల్లో లండన్ క్వీన్ స్క్వేర్‌లో లిండ్సే సైమన్ అనే న్యూరోసర్జన్ బృందం బబూన్ కోతుల మీద ప్రయోగాలు చేసింది. మెదడులో ఒక ముఖ్యమైన ధమనిని మూసి, ఏ చోట రక్తం ఎంత తగ్గితే ఏం జరుగుతుందో కొలిచారు. మామూలుగా వంద గ్రాముల మెదడుకి నిమిషానికి 50 మిల్లీలీటర్ల దాకా రక్తం అందుతుంది. అది ఇరవై కిందికి జారితే నాడీకణాల విద్యుత్ సంకేతాలు ఆగిపోతాయి. పది కిందికి పోతే కణం లోపలి పొటాషియం బయటికి కారిపోతుంది. అంటే కణం తన గోడని తాను నిలుపుకోలేకపోతోందన్నమాట, చావు మొదలైనట్టే.

అసలు విషయం ఈ రెండు అంకెల మధ్య ఉంది. అక్కడి కణం పని చెయ్యదు, కానీ చావలేదు. ఆ చోటు ఆడించాల్సిన చెయ్యి కదలదు, ఆ చోటు పలికించాల్సిన మాట రాదు. బయటినుంచి చూసేవాళ్ళకి చచ్చినదానికీ దీనికీ తేడా తెలియదు. రక్తం మళ్ళీ అందితే మాత్రం లేచి కూర్చుంటుంది. 1981లో ఆస్ట్రప్, సీష్యో, సైమన్ కలిసి స్ట్రోక్ పత్రికలో రాసిన సంపాదకీయంలో దీన్ని పెనంబ్రా అన్నారు. గ్రహణాల పాఠంలో మనం చదువుకున్న పాక్షికచ్ఛాయే అది. నడిమధ్యలో పూర్తి చీకటి, దాని చుట్టూ మసక వెలుతురు.

ఆ ఏడాదే అమెరికాలో మెలకువగా ఉన్న కోతుల మీద చేసిన ప్రయోగాలు ఇంకో సంగతి తేల్చాయి. రక్తం ఎంత తగ్గిందన్నదొక్కటే లెక్క కాదు, ఎంతసేపు తగ్గిందన్నదీ లెక్కే. అదే మోతాదు రక్తంతో అరగంటైతే కణం బతుకుతుంది, మూడు గంటలైతే చస్తుంది. మసక వెలుతురు మెల్లగా చీకటిలో కలుస్తుంది.

నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే పెద్ద మలుపు ఇదే అనిపిస్తుంది. దెబ్బ అనుకున్నది గ్రహణమని తేలింది. గ్రహణానికి పట్టు ఉంటుంది, విడుపు ఉంటుంది. రెంటి మధ్యా కొంత సమయం ఉంటుంది. ఆ సమయం ఉంటే మందుకి చోటున్నట్టే.

*

ఆ మందు ఏం చెయ్యాలి? దీనికి జవాబు మన వంటింటికి దగ్గర దారిలోంచి వచ్చింది. ఫాస్ట్‌ఫుడ్ బండి మీద నూడుల్స్‌లో చల్లే అజినోమోటో తెలుసు కదా, మోనోసోడియం గ్లూటమేట్. 1969లో సెయింట్ లూయిస్‌లో జాన్ ఓల్నీ దాన్ని అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకి పెద్ద మోతాదులో ఇంజక్షన్ చేస్తే మెదడులో కొన్ని చోట్ల కణాలు చచ్చిపోయాయి. (ప్లేటు నూడుల్స్ తిన్నవాళ్ళు కంగారు పడక్కర్లేదు. మోతాదు వేరు, తినడం వేరు.) గ్లూటమేట్ విషమేమీ కాదు. మెదడులో ఒక కణం ఇంకో కణాన్ని ఉత్తేజపరచడానికి వాడే మామూలు మాటే అది. ఆ మాట మరీ గట్టిగా, ఆగకుండా వినిపిస్తే వినే కణం చస్తుంది. ఓల్నీ దీనికి ఎక్సైటోటాక్సిసిటీ అని పేరు పెట్టాడు. ఉద్రేకమే విషం కావడమన్నమాట.

1980ల్లో రెండూ కలిశాయి. రక్తం అందని కణం తనలోని గ్లూటమేట్‌ని బయటికి ఒంపేస్తుంది. అది పక్క కణాల మీదున్న ఎన్‌ఎండీఏ అనే తలుపులు బార్లా తెరుస్తుంది. ఆ తలుపుల్లోంచి కాల్షియం వరదలా లోపలికి వస్తుంది. ఆ కణమూ చచ్చి తన గ్లూటమేట్‌ని ఒంపుతుంది. ఒక ఇంటి నిప్పు పక్క పూరింటికి పాకినట్టు మసక ప్రాంతమంతా పాకుతుంది. తలుపులు మూసే మందు దొరికితే నిప్పు ఆగాలి. 1984లో ఎలుకల్లో ఆగింది కూడా. ఆ తర్వాత కాల్షియాన్ని ఆపే మందు, ఫ్రీ రాడికల్స్‌ని పట్టే మందు, ఇలా వరసగా వచ్చాయి. ప్రయోగశాలల్లో ఎలుకలు లేచి నడిచాయి.

మనుషులు లేవలేదు.

*

నిమోడిపిన్ కథ చూడండి. కాల్షియాన్ని అడ్డుకునే మందు ఇది. 1988లో నెదర్లాండ్స్‌లో 186 మంది మీద చేసిన ట్రయల్ ఫలితాలు ఆశ పుట్టించాయి. దాంతో పెద్ద ట్రయల్స్ మొదలయ్యాయి. 1990లో బ్రిటన్‌లో 1,215 మందికి ఇచ్చి చూస్తే ప్రయోజనం లేదు. 1992లో అమెరికాలో 1,064 మందిలోనూ అంతే. ఈ రెండిట్లోనూ మందు మొదలుపెట్టడానికి ఇచ్చిన గడువు 48 గంటలు. రెండు రోజులు! కోతుల మెదడులో మసక ప్రాంతం గంటల్లో చీకటవుతుందని పదేళ్ళ ముందే తెలిసిన లోకంలో రెండు రోజుల గడువు.

ఎందుకలా? ట్రయల్‌కి జనం కావాలి. జనం ఆసుపత్రికి వచ్చేది ఆలస్యంగానే. గడువు మూడు గంటలంటే ఏళ్ళు గడిచినా వంద మంది దొరకరు. అందుకని మెదడు గడియారాన్ని పక్కనపెట్టి ఆసుపత్రి గడియారాన్ని పెట్టుకున్నారు.

1994లో తొమ్మిది ట్రయల్స్ కలిపి మళ్ళీ లెక్క కట్టారు. 12 గంటల లోపు మొదలుపెట్టినవాళ్ళకి కాస్త మేలు, 24 గంటలు దాటాక మొదలుపెట్టినవాళ్ళకి కీడు కనిపించాయి. ‘తొందరగా ఇస్తే పనిచేస్తుందేమో’ అని నెదర్లాండ్స్‌లో ఇంకో ట్రయల్ పెట్టారు. వీధి చివర ఉండే మామూలు ఫ్యామిలీ డాక్టర్లే ఆరు గంటల లోపు మాత్ర మింగించాలి. 454 మంది చేరాక మధ్యలో ఆపేశారు. మేలేమీ లేదు. అప్పుడు, 2001లో, ఆ ట్రయల్ నడిపినవాళ్ళే వెనక్కి తిరిగి జంతు ప్రయోగాలన్నీ ఒకచోట పెట్టి చదివారు. మనుషుల మీద అన్ని ట్రయల్స్ పెట్టడానికి సరిపడా ఆధారం అసలు జంతువుల్లోనే లేదని తేలింది. వేలమందికి మందిచ్చాక చదివిన చదువు అది. పుస్తకాల మీద రాసేవాళ్ళు మూలం చూడకుండా అనువాదం మీద విరుచుకుపడినప్పుడు నాకు ఈ కథ గుర్తొస్తుంది. మూలం దగ్గరికి వెళ్ళడం అన్ని రంగాల్లోనూ ఆఖర్నే జరుగుతుంది కాబోలు.

గ్లూటమేట్ తలుపులు మూసే మందులది మరో దారి. సెల్ఫోటెల్ అనే మందు తీసుకున్నవాళ్ళకి భ్రాంతులు, ఆందోళన వచ్చాయి. మొదటి రోజుల్లో చావులు కూడా కాస్త ఎక్కువగా కనిపించడంతో ట్రయల్స్ ఆపేశారు. తర్వాత వచ్చిన ఆప్టిగానెల్, గావెస్టినెల్ కూడా ఓడిపోయాయి. 2002లో ఇకొనొమిడు, టుర్స్కీ అనే ఇద్దరు పరిశోధకులు దీనికి ఒక కారణం ప్రతిపాదించారు. గ్లూటమేట్ వరద మొదటి కొద్ది గంటల్లోనే. ఆ తర్వాత మిగిలిన కణాలు బతకడానికీ, కొత్త దారులు వేసుకోవడానికీ అదే గ్లూటమేట్ కావాలి. మందు అందేసరికి నిప్పు ఆరిపోయి, ఇల్లు మళ్ళీ కట్టుకునే పని మొదలైంది. మందు వెళ్ళి ఆ పనిని ఆపింది. ఒకే పదార్థం ఒక గంటలో విషం, ఇంకో గంటలో ప్రాణం.

*

ఈ ఓటముల మధ్యలో ఒక గెలుపు వచ్చింది. అది మెదడుని కాపాడే మందు కాదు, నాళంలోని గడ్డని కరిగించే మందు. అప్పటికే స్ట్రెప్టోకైనేజ్‌తో చేసిన ట్రయల్స్‌లో మెదడులో రక్తస్రావాలై ఒక్కొక్కటే ఆగిపోయాయి. 1995 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ సంస్థ నిండ్స్ టీపీఏ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. 624 మంది. గడువు మూడు గంటలు. అందులో దాదాపు సగం మందికి మొదటి 90 నిమిషాల్లోనే ఇవ్వాలని పట్టుబట్టారు. మూడు నెలల తర్వాత చూస్తే, వైకల్యం దాదాపు లేకుండా బయటపడే అవకాశం మందు తీసుకున్నవాళ్ళలో కనీసం 30 శాతం ఎక్కువ. ఖరీదు కూడా ఉంది. మెదడులో రక్తస్రావం మందు తీసుకున్నవాళ్ళలో 6.4 శాతం మందికి, తీసుకోనివాళ్ళలో 0.6 శాతం మందికి వచ్చింది. 2008లో యూరప్‌లో చేసిన ఎకాస్-3 ట్రయల్ ఆ గడువుని నాలుగున్నర గంటలకి పెంచింది. గుంటూరు డాక్టరు చెప్పిన గీత ఇదే.

మిగతావాళ్ళు ఓడిపోయినచోట వీళ్ళు ఎందుకు గెలిచారంటే మందు గొప్పతనం సగమే. మిగతా సగం గడియారం. జనం ఎప్పుడొస్తే అప్పుడే మొదలుపెడదామని వీళ్ళు అనుకోలేదు. పరిశోధకులే ఎమర్జెన్సీ గదులకి పరిగెత్తారు. కాలమే మెదడు అనే నినాదాన్ని కమీలో గోమెజ్ అనే న్యూరాలజిస్టు 1993లోనే రాశాడు. 2006లో జెఫ్రీ సేవర్ దానికి అంకెలు కట్టాడు. పెద్ద నాళం మూసుకుపోయిన సగటు స్ట్రోక్‌లో నిమిషానికి 19 లక్షల నాడీకణాలు, 12 కిలోమీటర్ల నాడీతంతువులు పోతాయి. నేను పావురం కోసం వెళ్ళిన సైకిలుకి ఈ లెక్క కట్టబోయి ఆపేశాను.

*

అదే 2006లో మెల్బోర్న్ వాళ్ళు ఇంకో లెక్క తీశారు. అప్పటిదాకా స్ట్రోక్ కోసం ప్రయోగశాలల్లో పరీక్షించిన చికిత్సలు 1,026. మనుషుల దాకా వచ్చినవి 114. ఆ 114నీ ఎంచుకున్నారు కదా, అవి జంతువుల్లో మిగతావాటికంటే బాగా పనిచేశాయా అని చూస్తే, అలాంటి ఆధారం దొరకలేదు.

ఇలా కాకూడదనే 1999లో పరిశోధకులు, మందుల కంపెనీలు కలిసి కూర్చుని కొన్ని నియమాలు రాసుకున్నారు. ఎంత ఆలస్యంగా ఇచ్చినా పనిచేస్తోందో చూడాలి, ఒకటి కంటే ఎక్కువ జాతుల్లో చూడాలి, కొలిచేవాడికి ఏ ఎలుకకి మందు పడిందో తెలియకూడదు, ఇలాంటివి. ఆ నియమాలకి అన్నిటికంటే దగ్గరగా వచ్చిందని పేరున్న మందు ఆస్ట్రాజెనికా వాళ్ళ ఎన్‌ఎక్స్‌వై-059. ఫ్రీ రాడికల్స్‌ని పట్టేది. 2006 ఫిబ్రవరిలో మొదటి ట్రయల్ ఫలితం వచ్చింది. దాదాపు 1,700 మంది, ఆరు గంటల గడువు, చిన్నదే అయినా మేలు. ఇరవై ఏళ్ళ కల పండిందనుకున్నారు. దానికి రెట్టింపు మందితో చేసిన రెండో ట్రయల్ ఫలితం ఆ అక్టోబరులోనే తెలిసింది. ఏమీ లేదు. తర్వాత జంతు ప్రయోగాలు మళ్ళీ తవ్వితే, గుడ్డిగా, చీటీలు తీసినట్టు మందు పంచిన ప్రయోగాల్లో ఫలితం చిన్నదనీ, ఆ జాగ్రత్త లేనిచోటే పెద్దదనీ తేలింది.

*

మందు బాగానే ఉందేమో, ఆలస్యమే శత్రువేమో అన్న అనుమానం ఇంకా మిగిలే ఉంది. దాన్ని తేల్చెయ్యాలని లాస్ ఏంజెలెస్‌లో సేవర్ బృందమే పూనుకుంది. మందు మామూలు మెగ్నీషియం సల్ఫేట్, చవకది, ఎమర్జెన్సీల్లో ఎప్పట్నుంచో వాడుతున్నది. అంతకు ముందు 2004లో ఒక పెద్ద ట్రయల్‌లో దీన్ని సగటున ఏడో గంటకి ఇచ్చి ఓడిపోయారు. వీళ్ళు ఆసుపత్రి దాకా ఆగదలుచుకోలేదు. అంబులెన్స్‌లోనే ఇద్దామన్నారు.

అంబులెన్స్‌లో స్కాన్ ఉండదు. గడ్డా, రక్తస్రావమా తెలియదు. మెగ్నీషియం దేనికీ చెరుపు చెయ్యదు కాబట్టి పరవాలేదు. మరి అనుమతి? అంబులెన్స్‌లోంచి పారామెడిక్ ఫోన్ కలిపితే, ఇంకో చోటున్న డాక్టరు రోగితోనో ఇంటివాళ్ళతోనో మాట్లాడి ఒప్పించేవాడు. ఇలా 2005 జనవరి నుంచి 2012 చివరిదాకా ఎనిమిదేళ్ళు, 1,700 మంది. మందు ఎక్కిన సమయం సగటున 45వ నిమిషం. నలుగురిలో ముగ్గురికి మొదటి గంటలోనే. మెదడుని కాపాడే మందుల చరిత్రలో అంత పెద్ద ట్రయల్‌లో అంత త్వరగా ఎవరూ ఇవ్వలేదు.

మన దగ్గర 108 అంబులెన్స్ మొదలైందీ 2005లోనే, ఆగస్టు 15న. ఆ ఆదివారం మా ఇంట్లో ఆ నంబరు ఎవరికీ తెలియక కాదు. దాన్ని యాక్సిడెంట్లకీ, కాన్పులకీ అనుకున్నారు. పక్షవాతానికి అంబులెన్స్ ఏమిటి, పడిపోయింది పడిపోయింది కదా.

2015 ఫిబ్రవరిలో ఫలితం ప్రచురించారు. మెగ్నీషియం తీసుకున్నవాళ్ళకీ, ఉత్తి సెలైన్ తీసుకున్నవాళ్ళకీ తేడా లేదు. మెగ్నీషియం రక్తంలోంచి మెదడులోకి దిగడానికే ఆలస్యం చేస్తుంది మరి. మొదటి గంటలో మందిచ్చారు సరే, మందు మాత్రం తన తీరిక ప్రకారం వెళ్ళింది. అయినా ఈ ఓటమిని నేను ఓటమిగా చదవలేను. పారామెడిక్కులతో, ఫోన్లతో, గంట లోపల చికిత్స మొదలుపెట్టడం సాధ్యమేనని ఇది చూపించింది.

*

ఇంత లెక్కలు కట్టినవాళ్ళందరూ ఒక గడియారాన్ని చూడలేదు. అది ఎలుకది.

2020లో హార్వర్డ్‌కి చెందిన ఎంగ్ లో బృందం నేచర్ పత్రికలో ఒక పేపరు వేసింది. ఎలుక రాత్రి తిరిగే జంతువు. పగలు పడుకుంటుంది. పరిశోధకుడు పగలు పనిచేస్తాడు, రాత్రి పడుకుంటాడు. కాబట్టి ప్రయోగశాలల్లో ఎలుకలకి స్ట్రోక్ తెప్పించేది ఎప్పుడూ వాటి విశ్రాంతి వేళలోనే. మనుషులకి స్ట్రోక్‌లు ఎక్కువగా వచ్చేది మెలకువగా ఉండే వేళలో. వీళ్ళు పాత చికిత్సలు మూడింటిని రెండు వేళల్లోనూ పరీక్షించారు. అందులో ఒకటి ఎన్‌ఎక్స్‌వై-059కి మాతృక అయిన పదార్థం. పగలు, అంటే ఎలుక నిద్రవేళలో, మూడూ పనిచేశాయి. రాత్రి, ఎలుక చురుగ్గా ఉన్న వేళలో, పనిచెయ్యలేదు. చురుగ్గా ఉన్న వేళ మసక ప్రాంతమే చిన్నదిగా ఉంది. కాపాడ్డానికి మిగిలింది తక్కువ.

ఓటములన్నిటికీ ఇదొక్కటే కారణమని వాళ్ళూ అనలేదు. ప్రయోగాల ఎలుకలు పడుచువి, ఆరోగ్యమైనవి. మన రోగులు డెబ్భై ఏళ్ళవాళ్ళు, బీపీ షుగరు ఉన్నవాళ్ళు. కారణాలు చాలా ఉన్నాయి. కానీ ఇది చదివిన రోజు నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. మూడు దశాబ్దాలు మందు ఎన్నో నిమిషంలో ఇవ్వాలని కొట్టుకున్నవాళ్ళకి, ఎదురుగా బోనులో ఉన్న ప్రాణికి అది పగలా రాత్రా అన్నది తట్టలేదు.

*

గీత కూడా చెరిగిపోయింది. 2017 నవంబరులో డాన్ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. చివరిసారి బాగా కనిపించి 6 నుంచి 24 గంటలైన 206 మంది. స్కాన్‌లో చచ్చిన భాగం చిన్నదిగా, లక్షణాలు పెద్దవిగా ఉన్నవాళ్ళని, అంటే మసక ఇంకా మిగిలున్నవాళ్ళని, ఏరుకున్నారు. గజ్జలోంచి సన్నటి గొట్టం పంపి గడ్డని బయటికి లాగారు. మూడు నెలలకి తమ పని తాము చేసుకోగలిగినవాళ్ళు 49 శాతం. గడ్డ లాగనివాళ్ళలో 13 శాతం. 2018లో జర్మనీ నుంచి నడిపించిన వేక్-అప్ ట్రయల్ స్ట్రోక్ ఎప్పుడొచ్చిందో తెలియనివాళ్ళని, ముఖ్యంగా నిద్రలో వచ్చినవాళ్ళని, తీసుకుంది. ఎమ్మారైలో ఒకరకం చిత్రంలో మచ్చ కొద్ది నిమిషాల్లోనే కనబడుతుంది, ఇంకోరకం చిత్రంలో కొన్ని గంటలకి గానీ కనబడదు. మొదటిదాంట్లో ఉండి రెండోదాంట్లో లేకపోతే, వచ్చి ఎక్కువసేపు కాలేదన్నమాట. అలాంటివాళ్ళకి టీపీఏ ఇస్తే మేలు జరిగింది.

నినాదం రాసిన గోమెజే 2018లో దాన్ని సవరించుకున్నాడు. కాలం అందరి మెదడులోనూ ఒకే వేగంతో నడవదని, పక్కదారి నాళాలు బాగున్నవాళ్ళకి మెల్లగా నడుస్తుందని రాశాడు. కాపాడే మందుల మీద ఆశా చావలేదు. గడ్డని లాగేస్తూ కూడా మందివ్వాలన్న ఆలోచనతో 2020లో నెరినెటైడ్ అనే మందుని 1,105 మందిలో చూశారు. మొత్తం మీద ప్రయోజనం లేదు. టీపీఏ తీసుకోనివాళ్ళలో మాత్రం ఆశ కనిపించింది, ఎందుకంటే టీపీఏ వల్ల ఆ మందు ముక్కలైపోతుంది. తర్వాత టీపీఏ తీసుకోనివాళ్ళలోనే చేసిన ట్రయల్‌లో కూడా మేలు తేలలేదు. కథ ఇంకా నడుస్తోంది.

*

అమ్మమ్మ నాలుగేళ్ళు బతికింది. కర్ర పట్టుకుని వసారా దాకా నడిచేది. మాట రాలేదు. ‘అదే అదే’ అన్న ఒక్క ముక్కతోనే కాఫీ అడిగేది, కోప్పడేది, నన్ను చూసి నవ్వేది. 2017 వేసవిలో పోయింది, డాన్ ఫలితాలు రావడానికి కొన్ని నెలల ముందు. ఆవిడకి సీటీ ఒక్కటే తీశారు. లోపల మసక ఎంత మిగిలుందో ఆ రోజు ఎవరూ చూడలేదు, చూసినా చెయ్యడానికి అప్పటికి ఏమీ లేదు. ఆ డాక్టరు తప్పేం లేదు, ఆ ఏడాదికి తెలిసినదంతా సరిగ్గానే చేశాడు.

సిటికోలిన్ మాత్రలు ఏడాది వాడాం. 2,298 మంది మీద చేసిన ట్రయల్‌లో దానివల్ల ప్రయోజనం లేదని 2012లోనే, అంటే మా చీటీకి ఏడాది ముందే, లాన్సెట్‌లో వచ్చింది. మన దగ్గర ఇప్పటికీ రాస్తారు, మనం ఇప్పటికీ కొంటాం. ఏదో ఒకటి చెయ్యాలి కదా అన్న ఆరాటానికీ నువ్వులనూనెకీ ఎంత దూరమో నేను చెప్పలేను. మావయ్య మాత్రం నెలనెలా మర్చిపోకుండా తెచ్చేవాడు.

ఇప్పుడు అమ్మ ఊళ్ళో ఒక్కతే ఉంటోంది. మూతి వంకర పోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా వెంటనే 108, నూనె వద్దు, సెలైన్ వద్దు అని ఎదురింటివాళ్ళకి కూడా చెప్పి పెట్టాను. రోజూ రాత్రి మాట్లాడతాం. ఫోన్ పెట్టేసే ముందు టైము చూస్తాను.